పెండ్లి వీడియో సైజు తగ్గాలె, బొమ్మ చెడొద్దు, పని జల్ది కావాలె: మరి ఏ సెట్టింగ్ పెట్టాలె?

పెండ్లయి నెలా రెండు నెలలు గడిచినంక స్టూడియో ఆయన పెన్ డ్రైవ్ చేతుల పెడ్తడు, సిస్టమ్‌కు పెట్టి చూస్తే మూడు గంటల వీడియో, 34 జీబీ. కొత్త టీవీల అయితే మంచిగనే ఆడుతది. కని అమెరికాల ఉన్న మేనత్తకు పంపాలె, మిర్యాలగూడల అమ్మమ్మోళ్ళ పాత టీవీల గూడ రావాలె, మన హార్డ్ డిస్క్‌ల ఒక కాపీ ఉండాలె. ఇగ అప్పుడు మొదలైతయ్ ప్రశ్నలు, "అన్నా, హెచ్ 265 పెట్టాల్నా, ఏవీ1 పెట్టాల్నా, గ్రాఫిక్స్ కార్డుతోని చేస్తే జల్ది అయితదంట కదా, స్లో పెట్టాల్నా ఫాస్ట్ పెట్టాల్నా" అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే, ఎవరు చూస్తరు, దేంట్ల చూస్తరు? దానికి జవాబు దొరికితే సగం సెట్టింగులు వాటంతట అవే తేలిపోతయ్. ఎవరు చూస్తరో తెల్వకుండ కోడెక్ (వీడియోను కుదించి రాసే పద్ధతి, హెచ్ 265, ఏవీ1 అసొంటియి) గురించి కొట్లాడుకునుడు ఉత్త టైం పాస్.

ముందు జర లెక్క చూసుకుందాం, ఇది తెలిస్తే ఎవరినీ అడగాల్సిన పని లేదు. బిట్‌రేట్ అంటే వీడియో సెకనుకు ఎంత డేటా తీసుకుంటదో అది, 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) బిట్‌రేట్ అంటే గంటకు 450 ఎంబీ. గంతే, ఇంకేం లేదు. 25 ఎంబీపీఎస్ ఫైల్ గంటకు 11 జీబీ పైన అయితది, మూడు గంటలకు 34 దగ్గరికి వస్తది, అదే మీ పెన్ డ్రైవ్‌ల ఉన్నది. అదే మూడు గంటలను 8 జీబీల పట్టియ్యాలంటే 6 ఎంబీపీఎస్‌కు జర తక్కువ రావాలె, 4 జీబీల అంటే 3 ఎంబీపీఎస్. 1080పీ పెండ్లికి 6 అంటే బాగనే ఉంటది, 3 అంటే పాత కోడెక్ హెచ్ 264ల కష్టం, బారాత్ వచ్చేకాడ మొహాలు డబ్బాలు డబ్బాలుగ కనబడతయ్.

పాత టీవీలతోని ఇంకో పంచాయితీ ఉంది. చానా వాటికి ఫ్యాట్32 ఫార్మాట్ పెన్ డ్రైవ్ అయితేనే కనబడుతది, అండ్ల ఒక్క ఫైల్ 4 జీబీ దాటితే కాపీనే కాదు. పెన్ డ్రైవ్‌ల జాగ 64 జీబీ ఉన్నా సరే కాదు. అందుకని ఒకటే పెద్ద ఫైల్ చేయకుండ ఎదురుకోలు, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్ అని ముక్కలు చేసుకుంటే మంచిది, చూసేటోళ్ళకు గూడ అదే సుఖం, మా దిక్కు ఎవరన్నా కూసోని మూడు గంటలు వరుసగ చూస్తరా చెప్పున్రి, అందరికీ కావాల్సింది వాళ్ళు కనబడ్డ ముక్కే.

ఇగ అసలు సంగతికొస్తే, హ్యాండ్‌బ్రేక్ (వీడియో సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్) తెరిస్తే మస్తు బటన్లు కనబడతయ్ కని తిప్పాల్సినయి రెండే. ఒకటి ఆర్ఎఫ్ నంబర్, దీన్నే ఎఫ్ఎఫ్ఎంపెగ్ (కమాండ్లతోని నడిచే ఇంకో వీడియో సాఫ్ట్‌వేర్) వాడేటోళ్ళు సీఆర్ఎఫ్ అంటరు. నంబర్ తగ్గితే బొమ్మ బాగయితది, సైజు పెరుగుతది. ఎక్స్264ల (హెచ్ 264 వీడియో చేసే ఎన్‌కోడర్, అంటే కుదించే ప్రోగ్రామ్) ఇది 0 నుంచి 51 దాకా ఉంటది, అసలు డిఫాల్ట్ 23. ఒక మోటు లెక్క యాదికుంచుకోన్రి, 6 పెంచితే సైజు దాదాపు సగమయితది, 6 తగ్గిస్తే దాదాపు రెట్టింపయితది. కొంతమంది "బెస్ట్ క్వాలిటీ కావాలె" అని 14 పెడ్తరు, 20కి 14కి తేడా కండ్లకు కనబడదు కని సైజు మాత్రం డబల్ అయి కూసుంటది, కొన్నిసార్లు ఒరిజినల్ కన్నా పెద్దగ గూడ అయితది. 1080పీకి 20 నుంచి 24 మధ్యల, డీవీడీ సైజు బొమ్మకు 18 నుంచి 22 మధ్యల పెట్టుమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ళే చెప్తరు, 4కేకు 22 నుంచి 28 దాకా పోవచ్చు. పెండ్లికి నేనైతే 20 అంట, వేరే దేనికన్నా 22 చాలు.

రెండోది ప్రీసెట్, అల్ట్రాఫాస్ట్ నుంచి వెరీస్లో దాకా ఉంటది. దీన్ని బీరువాల చీరలు పెట్టుకున్నట్టు అనుకోన్రి, అవే చీరలు, ఓపికగ మడతపెడితే తక్కువ జాగల పడతయ్, ఆగమాగం కుక్కితే తలుపు పడదు. స్లో పెడితే ఎన్‌కోడర్ ఓపికగ వెతుకుతది, అదే బొమ్మకు తక్కువ బిట్లు ఖర్చు పెడ్తది. మీడియం నుంచి స్లోకి పోతే టైం సుమారు ఒకటిన్నర రెట్లు అయితది, దానికి తగ్గ ఫలితం ఉంటది. స్లోవర్, వెరీస్లో పోయేకొద్ది టైం దబదబ పెరుగుతది కని లాభం చిన్నగయితది. వెరీస్లో తర్వాత ప్లాసిబో అని ఒకటుంది, దాని మొఖం గూడ చూడొద్దు. ఈడ ఒక మెలిక ఉంది, చానామంది దీని కాడ్నే తప్పు లెక్క వేస్తరు: ఎక్స్264ల అదే సీఆర్ఎఫ్‌తోని వెరీఫాస్ట్ పెడితే ఒక్కోసారి స్లో కన్నా చిన్న ఫైల్ వస్తది, "అరే, జల్ది గూడ అయింది, చిన్నగ గూడ అయింది" అని సంబురపడ్తరు, కని బొమ్మ గూడ తగ్గింది, అది చూస్కోలే. సైజు చూసి ప్రీసెట్‌కు మార్కులెయ్యొద్దు.

బిట్‌రేట్ ఫిక్స్ చేయకుండ సీఆర్ఎఫ్ ఎందుకు అంటే, తలంబ్రాల సీన్ చూస్తే చాలు సమజయితది. ఎన్‌కోడర్ చేసే పని ఏందంటే ముందు ఫ్రేమ్‌ల ఉన్న ముక్కను ఈ ఫ్రేమ్‌ల ఎక్కడికి జరిగిందో వెతికి "అదే ముక్క, ఇంత దూరం జరిగింది" అని రాసుకునుడు, మొత్తం బొమ్మ మళ్ళ రాయదు, అందుకే సైజు తగ్గుతది. పంతులు మంత్రం చదువుతున్నప్పుడు పది నిమిషాలు ఎవరూ కదలరు, దానికి దాదాపు ఏం ఖర్చు కాదు. తలంబ్రాలు మొదలు కాంగనే వేల గింజలు, పసుపు గింజలు, ప్రతి ఒక్కటి దాని తోవల అది పోతది, వెనక జరీ చీర మెరుస్తది, పక్కన నలుగురు ఫోటోగ్రాఫర్లు ఫ్లాష్ కొడ్తరు, ఫ్లాష్ కొట్టిన ఫ్రేమ్‌ల మొత్తం బొమ్మ తెల్లగయి ముందు ఫ్రేమ్‌తోని పోలికనే ఉండదు. ఎన్‌కోడర్ వెతికి వెతికి ఏం దొరకక అంతా కొత్తగ రాస్తది, బిట్‌రేట్ పంతులు సీన్ కన్నా ఎన్నో రెట్లు ఎగురుతది. సీఆర్ఎఫ్ పెడితే ఆ ఎగురుడును ఒప్పుకుంటది, అందరు కూసున్నకాడ మిగుల్చుకుంటది. అదే తక్కువ బిట్‌రేట్‌కు కట్టేస్తే సరిగ్గ తలంబ్రాలప్పుడే పెండ్లిపిల్ల మొహం మీద గళ్ళు పడతయ్, అందరు ఆపి ఆపి చూసే సీన్ అదే కదా. సాగర్ గేట్లెత్తినప్పుడు తీసిన వీడియో గిట్లనే ఉంటది, నీళ్ళు, నురుగు, ఒక్క ముక్క గూడ ముందుదాని లెక్క ఉండదు. పాలమూరు పిల్లలమర్రి కాడ గాలికి ఊగే ఆకులు గూడ అంతే, చూస్తే నెమ్మదిగ కనబడుతది కని ఎన్‌కోడర్‌కు చుక్కలు చూపిస్తది.

సీఆర్ఎఫ్‌ల ఫైల్ ఎంత అయితదో ముందు తెల్వదు, అదొక్కటే ఇబ్బంది. "ఖచ్చితంగ 4 జీబీ లోపల్నే రావాలె" అన్నప్పుడు మాత్రం యావరేజ్ బిట్‌రేట్ పెట్టి టూ పాస్ (కొత్త హ్యాండ్‌బ్రేక్‌ల మల్టీ పాస్ అని ఉంటది) టిక్ చేయున్రి, మొదటి చుట్టుల యాడ ఖర్చెక్కువో చూసుకుంటది, రెండో చుట్టుల పంచుతది. టైం ఎక్కువ పడుతది, వేరే తోవ లేదు.

ఇప్పుడు కోడెక్కుల పోలిక. హెచ్ 264 వచ్చింది 2003ల, ఇరవై ఏండ్లు దాటింది, ముసలిది అని తీసెయ్యకున్రి, యూఎస్‌బీ ఉన్న పాత ఎల్ఈడీ టీవీ కెళ్ళి నిన్న కొన్న ఫోన్ దాకా ఇది ఆడని డబ్బా దాదాపు లేదు. ఎక్స్264 అనే ఎన్‌కోడర్ అంత మంచిగ చెక్కిన ఎన్‌కోడర్ ఇంకోటి దొరకదు, వేగం గూడ ఉంది. నలుగురికి పంచేది ఏదన్నా సరే నేను ఇదే అంట. 10 బిట్ (రంగుల షేడ్లు ఇంకా సన్నగ దాచే పద్ధతి) మాత్రం దీన్ల పెట్టొద్దు, చానా టీవీలల్ల ఆడదు.

హెచ్ 265 2013ల వచ్చింది. అదే క్వాలిటీ సగం బిట్‌రేట్‌ల ఇయ్యాలె అనేది దాని లక్ష్యం, 4కేల దానికి దగ్గరికి వస్తది, 1080పీల ఇంట్ల చేసుకునేదానికి సగం అని ఆశ పెట్టుకోకున్రి, మూడో వంతు తగ్గితే సంతోషించున్రి. దానికి మీరు కట్టే కిరాయి టైం, అదే ప్రీసెట్ పేరుతోని ఎక్స్265 (హెచ్ 265 చేసే ఎన్‌కోడర్) ఎక్స్264 కన్నా చానా రెట్లు నిదానం, పాత ల్యాప్‌టాప్ అయితే తెల్లారుతది. కని దీన్ల 10 బిట్ పెట్టుకోవచ్చు, అది నిజంగ పనికొస్తది, స్టేజీ వెనక రంగు రంగు లైట్లు మెల్లగ ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారేకాడ 8 బిట్‌ల మెట్లు మెట్లుగ చారలు కనబడతయ్, 10 బిట్‌ల అవి తగ్గుతయ్. 4కే టీవీలు ఎక్కువ శాతం దీన్ని ఆడిస్తయ్. పాత టీవీలు ఆడియ్యవు, సౌండ్ వస్తది బొమ్మ రాదు, ఇగ అమ్మమ్మ ఫోన్ చేసి "ఏందిరా, పాటలు వస్తున్నయ్, మనుషులు కనబడ్తలేరు" అంటది. నంబర్లు గూడ ఒకటి కావు, ఎక్స్265 డిఫాల్ట్ 28, అది సుమారు ఎక్స్264ల 23 లెక్క అని చెప్తరు. అందుకని అండ్ల 20 పెట్టినం కాబట్టి ఇండ్ల గూడ 20 అంటే కుదరదు, 22 నుంచి 24 పెట్టున్రి.

ఏవీ1 2018ల వచ్చింది, లైసెన్సు పైసలు లేవు, గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్దోళ్ళు కలిసి చేసింది. తక్కువ బిట్‌రేట్‌ల బొమ్మను కాపాడుట్ల హెచ్ 265ను గూడ దాటుతది. ఎస్‌వీటీ ఏవీ1 ఎన్‌కోడర్‌ల ప్రీసెట్లకు పేర్లుండవు, నంబర్లుంటయ్, నంబర్ పెరిగితే వేగం పెరుగుతది, 5 నుంచి 7 మధ్యల పెడితే మనుషులు భరించేంత టైంల అయితది. సీఆర్ఎఫ్ ఈడ 60 దాటి ఉంటది కాబట్టి 30 చూసి భయపడొద్దు, అది మంచి నంబరే. కని ఐఫోన్‌ల అయితే 2023ల వచ్చిన 15 ప్రోల గని మొదటిసారి దీనికి చిప్పు పెట్టలే. మన చుట్టాలల్ల ఎంతమంది కాడ గసొంటి ఫోన్లు ఉన్నయో లెక్క పెట్టుకోన్రి. మీ ఒక్కరి కంప్యూటర్ల దాచుకునేదానికి ఏవీ1 ఓకే, ఊరికి పంచేదానికి ఇంకా జర టైం ఉంది.

ఇగ గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్లు. ఎన్విడియా వాళ్ళది ఎన్‌వెంక్, ఇంటెల్ వాళ్ళది క్విక్ సింక్, ఇది 2011 నుంచి చానా ఇంటెల్ ప్రాసెసర్లల్ల ఉంటది, మీ ల్యాప్‌టాప్‌ల గూడ ఉండొచ్చు, ఒకసారి హ్యాండ్‌బ్రేక్ ఎన్‌కోడర్ లిస్టుల చూసుకోన్రి. వేగం అంటే ఇదే వేగం, రాత్రంతా పట్టేది చాయ్ తాగి వచ్చేలోపు అయితది అన్నట్టు ఉంటది. కని చిప్పుల చెక్కిన తోవల్నే పోతది కాబట్టి అంత లోతుగ వెతకదు, అదే బొమ్మకు ఎక్కువ సైజు తీసుకుంటది, సైజు బిగిస్తే ముందుగాల చీకటి సీన్లు, తలంబ్రాలు దెబ్బతింటయ్. ఎన్విడియాది 2018ల ట్యూరింగ్ కార్డుల నుంచి బాగ మెరుగయింది, పాత కార్డు ఉన్నోళ్ళు దీనిమీద ఆశలు పెట్టుకోవద్దు. నా మాట ఏందంటే, వాడి పారేసే వీడియోలకు, అర్జంట్‌గ పంపేటియ్యాటికి హార్డ్‌వేర్ ఎన్‌కోడర్, పదేండ్ల తర్వాత చూసుకునే దానికి సీపీయూ ఎన్‌కోడర్. ఒక్కసారే ఎన్‌కోడ్ చేస్తం, వందసార్లు చూస్తం, దానికి రాత్రి మిషన్ ఆన్ ఉంచుడు పెద్ద ఖర్చేం కాదు.

రాత్రి అన్నది ఊరికే అనలే. మే నెలల నల్లగొండల ఎండ 43, 44 ఉన్నప్పుడు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ మీద ఎక్స్265 నడిపిస్తే వేడికి ప్రాసెసర్ దానంతట అదే స్పీడ్ తగ్గించుకుంటది, రాత్రి అయ్యే పనికి పగలు ఇంకా ఎక్కువ టైం పడుతది. వరుసగ క్యూల పెట్టి, అయిపోయినంక షట్‌డౌన్ కావాలె అని హ్యాండ్‌బ్రేక్‌ల సెట్ చేసి పండుకోన్రి, ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టొద్దు. డెస్క్‌టాప్ ఉన్నోళ్ళకు కరెంటు భయం వేరే ఉంటది. ఎంపీ4ల ఫైల్‌కు సంబంధించిన సూచిక మామూలుగ చివర్ల రాస్తది, తొంభై శాతం అయినంక కరెంటు పోతే ఆ తొంభై శాతం గూడ తెరుచుకోదు. ఎంకేవీ (ఇంకో తీరు ఫైల్ ఫార్మాట్) అట్ల కాదు, ఆగినకాడిదాక ఆడుతది. యూపీఎస్ లేనోళ్ళు ఎంకేవీల చేసి తర్వాత ఎంపీ4కు మార్చుకోన్రి, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ల కాపీ మోడ్ పెడితే మళ్ళ ఎన్‌కోడ్ కాదు, పైన డబ్బా, అంటే ఫైల్ ఫార్మాట్ మాత్రమే మారుతది, నిమిషాల పని, క్వాలిటీ ఇసుమంత గూడ పోదు.

మొత్తం మూడు గంటలు ఎన్‌కోడ్ చేసినంక బాలేదు అని మళ్ళ మొదలుపెట్టుడు కన్నా ముందు ముక్కలు టెస్ట్ చేయున్రి. తలంబ్రాల నుంచి అర నిమిషం, రాత్రి బారాత్ నుంచి అర నిమిషం, పెండ్లిపిల్ల మొహం దగ్గరగ ఉన్నకాడ అర నిమిషం. ఈ మూడింటిని 20, 22, 24 నంబర్లతోని చేసి టీవీల పెట్టి మామూలుగ కూసునేంత దూరంల కూసోని చూడున్రి. ల్యాప్‌టాప్‌ల పాజ్ చేసి, జూమ్ చేసి వెతికితే తప్పులు దొరకని వీడియో లేదు. చూడాల్సింది జరీ అంచు గీతలు కలిసిపోతున్నయా, పసుపు పూసిన చెంప మీద చారలు వస్తున్నయా, చీకట్ల నల్లది డబ్బాలుగ ఊగుతుందా అని. చీకటే బాధ పెడుతుంటే ఎక్స్264ల ఏక్యూ మోడ్ 3 అని ఒక ఆప్షన్ ఉంది, అది చీకటి భాగాలకు బిట్లు జర ఎక్కువ ఇస్తది. రాత్రి ఫోన్‌తోని తీసిన బతుకమ్మ వీడియోలల్ల చుక్కలు చుక్కలుగ గ్రెయిన్ ఉంటది కదా, ఎన్‌కోడర్ ఆ చుక్కలను గూడ సొమ్ము అనుకోని దాచిపెట్టుకుంట పోతది, సైజు పెరుగుతది. అసొంటియ్యాటికి లైట్‌గ డీనాయిస్ (చుక్కలు తుడిచే ఫిల్టర్) పెడితే చానా తగ్గుతది, గట్టిగ పెడితే మాత్రం మొహాలు మైనం బొమ్మల్లెక్క అయితయ్.

మేనత్తకు పంపేదానికి యూట్యూబ్‌ల అన్‌లిస్టెడ్ (లింక్ ఉన్నోళ్ళకే కనబడేటట్టు) పెట్టి లింక్ ఇచ్చుడు అన్నిటికన్నా సులువు. దానికి మీరు కష్టపడి చిన్నగ చేయాల్సిన పని లేదు, యూట్యూబ్ ఎట్లైనా మళ్ళ ఎన్‌కోడ్ చేసుకుంటది, అందుకే జర పెద్ద ఫైలే ఇయ్యాలె. 1080పీ, 30 ఫ్రేములకు 8 ఎంబీపీఎస్, 4కేకు 35 నుంచి 45 అని వాళ్ళే చెప్తరు, నెట్ మంచిగుంటే ఇంకా పెద్దది ఎక్కించినా ఏం కాదు. స్టూడియోవాళ్ళు సినిమా పాటలు వేసి ఉంటరు కాబట్టి కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు, ముందే అనుకోన్రి. వాట్సాప్‌ల వీడియోగ పంపితే అది నలిపేస్తది, డాక్యుమెంట్‌గ పంపితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు పోతది. వాట్సాప్‌ల వచ్చిన వీడియోను మళ్ళ ఎన్‌కోడ్ చేసి "క్వాలిటీ పెంచుడు" అనేది మాత్రం లేదు, పోయింది పోయింది.

పాత పెండ్లి డీవీడీలు ఇంట్ల ఉంటే వాటి సంగతి వేరే. ఆ బొమ్మ 720 బై 576, ఇంటర్లేస్ (ఒక్కో బొమ్మను గీత ఇడిచి గీత రెండు సగాలుగ రాసుడు) అయి ఉంటది, చెయ్యి ఊపినకాడ దువ్వెన పండ్ల లెక్క గీతలు కనబడతయ్. డీఇంటర్లేస్ పెట్టి ఎక్స్264, ఆర్ఎఫ్ 18, స్లో, అంతే. 1080పీకి సాగదియ్యొద్దు, లేని వివరం రాదు, సైజు వస్తది. అసలు ముందుగాల డిస్కుల ఉన్న ఫైళ్ళను ఉన్నయి ఉన్నట్టు హార్డ్ డిస్క్‌కు కాపీ కొట్టుకోన్రి, డిస్కులు గీతలు పడతయ్, పాడయితయ్, ఎన్‌కోడ్ వచ్చే ఏడు గూడ చేసుకోవచ్చు.

అట్లనే 34 జీబీ ఒరిజినల్‌ను తుడిచెయ్యొద్దు. 1 టీబీ డిస్క్‌ల అసొంటియి పాతిక పైన పడతయ్. అది దాచుకునే కాపీ, దాన్ని చిన్నగ చేయాల్సిన అవసరమే లేదు, మిగిలిన కాపీలన్నీ దాన్నుంచే చేయాలె, చిన్న కాపీ నుంచి ఇంకో చిన్న కాపీ కాదు. సౌండ్‌కు ఏఏసీ 160 కేబీపీఎస్ పెడితే గంటకు 72 ఎంబీ, మూడు గంటలకు 216, అంత పెద్ద ఫైల్‌ల అదొక లెక్కనా, దాన్ని 64కు దించి సన్నాయి గరగరలాడేటట్టు చేసుకోవద్దు.

ఇంకా పెండ్లి కానోళ్ళు, వీడియో ఇంకా ఎడిటింగ్‌ల ఉన్నోళ్ళు ఒక పని చేయొచ్చు. స్టూడియో ఆయనను ఎక్స్‌పోర్ట్ రెండు తీర్ల అడగున్రి, ఒకటి వాళ్ళు ఎప్పుడు ఇచ్చే పెద్దది, ఇంకోటి 1080పీ, హెచ్ 264, 8 ఎంబీపీఎస్, ఎంపీ4. వాళ్ళ టైమ్‌లైన్ నుంచి నేరుగ వచ్చింది కాబట్టి మీరు ఇంట్ల మళ్ళ నలిపినదానికన్నా శుభ్రంగ ఉంటది, వాళ్ళకు ఇంకోసారి బటన్ నొక్కుడే. అడ్వాన్స్ ఇచ్చేనాడే ఈ మాట అనుకోన్రి, మొత్తం పైసలు ఇచ్చినంక అడిగితే "అన్నా, ప్రాజెక్ట్ డిలీట్ అయిపోయింది" అంటరు.